నిలవ నీళ్లకు గాలి తగలదా?

"ఇది సముద్రమా సామీ, నిలవ నీళ్లే కదా!" పెండ్లిమర్రి నుంచి జమ్మలమడుగు దాకా ఏ రిజర్వాయరు గట్టున నిలబడినా ఈ మాట వినబడుతుంది. దాని వెనకే ఇంకోటి: గాలివాన హెచ్చరికలు కోస్తావాళ్లకు, మనకెందుకు? ఈ రెండు మాటల పుణ్యమా అని లైఫ్‌జాకెట్లు సీటు కింద దిండ్లవుతున్నాయి. చేపలు పట్టేవాళ్ల థర్మాకోల్ తెప్పల మీద కుర్రాళ్లు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మబ్బు కమ్మినా "ఇంకో రౌండు" అంటున్నారు.

కరువు సీమలో నీళ్లు చూసి మురిసిపోవడం తప్పు కాదు. గండికోట నిండితే 26.85 టీఎంసీలు, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు 10, మైలవరం దాదాపు అంతే. ఆ చిత్రావతి రిజర్వాయరులోనే పార్నపల్లె దగ్గర 2022 డిసెంబరులో బోటు షికారు కూడా మొదలైంది. నీళ్లు వచ్చాయి గానీ నీళ్ల భయం, నీళ్ల చదువు వాటితో పాటు కాలువలో రాలేదు.

అలను పుట్టించేది ఉప్పు కాదు. గాలి వేగం, అది వీచినంత సేపు, అడ్డు లేకుండా నీటి మీద పరిగెత్తిన దూరం, ఈ మూడే. గండికోట నీరు కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని ఉంది, గాలికి అది చాలు. పైగా లోతు తక్కువ చోట అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాన్నొకటి తరుముతూ వస్తాయి. నడిసముద్రపు పెద్ద అల పడవను ఎత్తి దించుతుంది. ఇక్కడి పొట్టి అల అంచు మీదుగా లోపలికి దూకుతుంది. అట్లా చేరిన నీళ్లు ఒక పక్కకు దొర్లి పడవను అటే వంచుతాయి. భయపడిన జనం కూడా ఒకే పక్కకు జరిగితే ఇక చెప్పేదేముంది.

అంత గాలి మనకు యాడిది అంటారా? ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా మాడిన నేల సాయంత్రానికి ఉరుముల మేఘాన్ని లేపుతుంది. అందులోంచి దిగే వాన చల్లటి గాలిని కిందికి ఈడ్చుకొస్తుంది. ఆ గాలి నేలను తాకి నలువైపులకూ దూసుకుపోతుంది, వాన కంటే ముందుగా, మేఘం ఇంకా దూరంలో ఉండగానే. "చల్లగాలి తిరిగింది, పోదాం పాండి" అని మనవాళ్లు బోటెక్కేది సరిగ్గా అప్పుడే. ఒడ్డు చేరాల్సిన నిమిషంలో ఒడ్డు వదులుతారన్నమాట.

సాక్ష్యం కావాలంటే సముద్రం దాకా పోనక్కర్లేదు. 2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది. కొండమొదలు నుంచి బయల్దేరిన లాంచీ అది. ఈదురుగాలీ వానా ముంచుకొస్తే లోపలివాళ్లు తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచీ తిరగబడ్డాక ఆ తలుపులే వాళ్లను బయటికి రానివ్వలేదు. నెల చూడండి, మే. వేళ చూడండి, సాయంత్రం.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోక తప్పదు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచనలు కోస్తావాళ్లకే, మన రిజర్వాయర్లకు కావు. అలాగే మైలవరంలో పుట్టి తిప్పే పెద్దాయన పడమటి మూల చూసి "గాలి లేస్తాది" అంటే నవ్వకండి. రేపటి సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, వచ్చే అరగంట సంగతి మీ ఫోను కంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన దగ్గర లేనిది ఆ తర్వాతి రెండు మూడు గంటల లెక్క. దానికి వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే మూడు గంటల తక్షణ సూచన (నౌకాస్ట్) ఉంది, పిడుగులకు దామిని యాప్ ఉంది. పొద్దున ఒకసారి చూసి జేబులో పెట్టుకుంటే అవి పనికిరావు, బోటెక్కే ముందు చూడాలి. నడినీళ్లలో అన్నిటికంటే ఎత్తైన వస్తువు మీ తలే అని పిడుగుకు తెలుసు.

ఈతొచ్చినవాడికి జాకెట్ ఎందుకన్నది రెండో మొండివాదం. తలకు పడవ అంచు తగిలినవాడు ఈదడు. చీర కాళ్లకు చుట్టుకున్నా, భయపడిన ఇద్దరు మెడకు వేలాడినా ఎంత ఈతగాడికైనా అదే గతి. పైగా గండికోట అడుగున తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్ల మొండిగోడలున్నాయి, చెట్ల మోళ్లున్నాయి. నీటిమట్టం తగ్గేకొద్దీ అవి ఈతగాడి కాళ్లకూ ఇంజను రెక్కలకూ అందేంత పైకొస్తాయి. జాకెట్ వేసుకోవడమంటే భుజాన తగిలించుకోవడం కాదు. బకిల్ పెట్టి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. చెవుల దాకా వస్తే అది మిమ్మల్ని వదిలేసి తాను తేలుతుంది.

ఇక చిల్లర నమ్మకాలు. మునిగేవాడు కేకలేస్తాడంటారు. చాలామంది చప్పుడు లేకుండానే మునుగుతారు, నోరు శ్వాసకే చాలదు. తెరచాప పడవ గాలి వాటునే పోతుందంటారు. గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో అటోసారి ఇటోసారి మళ్లిస్తూ ఎదురుగాలిలోనూ పోవచ్చు. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకుంటున్నారు, అదీ నిలవ నీళ్లే. ఫైబర్ బోటు చెడదంటారు. ఎండకు పైపూత పగిలి, ఆ సందుల్లో నీరు చేరి లోపల్నించి బలహీనపడుతుంది. థర్మాకోల్ తెప్ప సంగతైతే అడగనే వద్దు, దాని మీద పెట్రోలు ఒలికితే కరిగిపోతుంది.

బోటు నడిపేవాళ్లు రోజూ మొదటి ట్రిప్పుకు ముందు అడుగు బిరడా, చుక్కాని, ఇంధనం పైపు, తోడేసే బకెట్ చూసుకోవాలి. ఇంజను మొరాయిస్తే తెడ్డు కావాలి, చాలా బోట్లలో అదే ఉండదు. ఈ పని పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువకులకు గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ పవర్ బోటు నడపడం, ప్రాణరక్షణ రెండూ నేర్పుతుంది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్గత జలనౌకల చట్టం రిజిస్ట్రేషను, తనిఖీల గురించి చెబుతుంది. ఎక్కేముందు ఆ కాగితాలు అడగడం నామోషీ కాదు. కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర 2017 నవంబరు 12న 20 మందికి పైగా ప్రాణాలు తీసింది అనుమతి లేని బోటు.

గాలి లేచిందని సరంగు బోటు ఆపేస్తే, టికెట్ డబ్బుల కోసం అతనితో గొడవ పడకండి. ఆపకపోతే పడండి.