ఎల్.ఇ.డి. ఫేడింగ్ వలయం
ఎల్.ఇ.డి. దీపాన్ని క్రమక్రమంగా వెలిగించి, క్రమక్రమంగా ఆర్పే ఎలక్ట్రానిక్ వలయాన్ని ఫేడింగ్ వలయం అంటారు. కెపాసిటర్, ట్రాన్సిస్టర్ ఇందులో ముఖ్య భాగాలు.

నిర్మాణం
టూవే స్విచ్ మధ్య కొనను 10 కిలోఓముల నిరోధకం ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు, 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ధన ధ్రువానికి కలపాలి. స్విచ్ మిగిలిన కొనలలో ఒకటి 9 వోల్టుల బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవది ఋణ ధ్రువానికి చేరాలి. కలెక్టర్‌ను బ్యాటరీ ధన ధ్రువానికి, కెపాసిటర్ రెండవ కొనను ఋణ ధ్రువానికి కలపాలి. ఎమిటర్ నుండి 470 ఓముల నిరోధకం, ఎర్ర ఎల్.ఇ.డి. వరుసగా ఋణ ధ్రువానికి చేరతాయి. ఎల్.ఇ.డి. పొడవు కాలు నిరోధకం వైపు ఉండాలి.

పనిచేసే విధానం
స్విచ్‌ను ధన ధ్రువం వైపు వేసినపుడు కెపాసిటర్ నెమ్మదిగా ఆవేశితమవుతుంది. నిరోధం, కెపాసిటీల లబ్ధమైన 4.7 సెకన్లను కాలస్థిరాంకం అంటారు. ఆ వ్యవధిలో వోల్టేజి సుమారు 63 శాతానికి చేరుతుంది. బేస్ వోల్టేజి సుమారు 2.5 వోల్టులు దాటాక దీపం వెలగడం మొదలై, కాంతి పెరుగుతుంది. స్విచ్‌ను మార్చితే కెపాసిటర్ ఖాళీ అవుతూ, దాదాపు 6 సెకన్లలో దీపం ఆరిపోతుంది.

ట్రాన్సిస్టర్ అవసరం
దీపాన్ని నేరుగా కెపాసిటర్‌కు కలిపితే ఆవేశం సెకనులోపే చాలావరకు హరించుకుపోతుంది. ట్రాన్సిస్టర్ బేస్ స్వల్ప ప్రవాహాన్నే గ్రహిస్తుంది. దీపానికి కావలసిన ప్రవాహం కలెక్టర్ ద్వారా బ్యాటరీ నుండి వస్తుంది.

జాగ్రత్తలు
ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ధ్రువాలను తారుమారు చేస్తే అది వేడెక్కి పగిలిపోవచ్చు. కనుక 16 వోల్టులు లేదా అంతకు మించిన సామర్థ్యం గలదానినే వాడి, బ్యాటరీ కలిపే ముందు ధ్రువాలను సరిచూసుకోవాలి.