మెడ మీది నలుపు మురికి కాకపోవచ్చు

ఎదిగే పిల్లల మెడ వెనుక చర్మం నల్లబడి, మందంగా మారితే చాలా ఇళ్లలో సబ్బు, పీచు పెట్టి రుద్దుతారు. ఎంత రుద్దినా ఆ నలుపు పోదు, ఎందుకంటే అది మురికి కాదు. వైద్యులు దీన్ని 'అకాంథోసిస్ నైగ్రికాన్స్' అంటారు. ఇది చంకల్లో, గజ్జల్లో కూడా కనిపిస్తుంది. టైప్-2 మధుమేహం ముప్పును ముందుగా తెలిపే గుర్తుల్లో ఇదొకటి.

రక్తంలోని గ్లూకోజ్ కండరాలు, కొవ్వు కణాల్లోకి చేరడానికి ఇన్సులిన్ తోడ్పడుతుంది. అధిక బరువు, వంశపారంపర్యం వంటి కారణాల వల్ల కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. ఇలా పెరిగిన ఇన్సులిన్ చర్మకణాల మీద ఎదుగుదలకు సంబంధించిన గ్రాహకాలను కూడా ప్రేరేపిస్తుంది. దాంతో ఆ కణాలు వేగంగా పెరిగి చర్మం మందమవుతుంది, నల్లబడుతుంది. ఈ దశలో రక్తంలో చక్కెర ఇంకా మామూలుగానే ఉండవచ్చు. అంటే జాగ్రత్త పడటానికి సమయం ఉన్నట్టే.

2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం, దేశంలో 10-19 ఏళ్ల వారిలో దాదాపు 10 శాతం మంది మధుమేహపు ముందు దశలో ఉన్నారు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఈ గుర్తుకు మరింత విలువ ఉంది. తెలుగు వినిపించే కొంట, భోపాలపట్నం వంటి సరిహద్దు ప్రాంతాల్లోని అడవి పల్లెలకు పరీక్షా కేంద్రాలు దూరం. మెడను చూడటానికి మాత్రం ఏ పరికరమూ అక్కర్లేదు. చామనఛాయ, నల్లని చర్మంపై రంగు తేడా తెలియకపోవచ్చు కాబట్టి తాకి చూడాలి. మఖమల్ గుడ్డలా తగులుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. బస్తర్ గిరిజన సముదాయాల్లో సికిల్ సెల్ వ్యాధి కనిపిస్తుంది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయన్న లెక్క మీద ఆధారపడుతుంది. సికిల్ సెల్ రోగుల్లో అవి 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తాయి. అందువల్ల చక్కెర ఎక్కువగా ఉన్నా ఫలితం తక్కువగా రావచ్చు. అలాంటి పిల్లలకు పరగడుపున గ్లూకోజ్ పరీక్ష చేయించడం మేలు. అందులో డెసిలీటరుకు 100-125 మిల్లీగ్రాములు ఉంటే ముందు దశ. 126 లేదా అంతకు మించి ఉంటే మధుమేహం కావచ్చు, మళ్లీ పరీక్షించి నిర్ధారించాలి.

మెడ నల్లబడిన ప్రతి బిడ్డకూ మధుమేహం ఉన్నట్టు కాదు. కొన్ని మందుల వల్ల, అరుదుగా వేరే జబ్బుల వల్ల కూడా ఇలా అవుతుంది. అలాగే మెడ మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. టైప్-1 మధుమేహంలో సాధారణంగా ఈ గుర్తు ఉండదు. అతి దాహం, తరచూ మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బరువు అదుపులోకి వచ్చి, ఆటలు, నడక అలవాటైతే ఇన్సులిన్ తగ్గి, నలుపు కూడా నెమ్మదిగా పలచబడుతుంది. తెల్లబరిచే క్రీములు ఆ పని చేయలేవు. బడిలో 'స్నానం చేయలేదా?' అని పిల్లల్ని చిన్నబుచ్చే బదులు, ఆ మెడను ఆరోగ్య కార్యకర్తకు చూపించడం అవసరం.