పైరుకు నీరెంత? దిగువ కాలువ ఆయకట్టులో అంచనాయే కీలకం

హాలహర్వి (కర్నూలు జిల్లా): తుంగభద్ర దిగువ కాలువ కర్ణాటకలో ప్రవహించిన అనంతరం హాలహర్వి మండలం వద్ద రాష్ట్రంలో ప్రవేశిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలను దాటి కోడుమూరు వైపు సాగే ఈ కాలువలో సరిహద్దు వద్ద అందిన నీటినే చివరి భూముల వరకు సర్దవలసి ఉంటుంది. కావున ఏ పంటకు ఎంత నీరు అవసరమన్న అంచనాపైనే ఆయకట్టు చివరి రైతు పంట ఆధారపడి ఉన్నది.

నేల నుంచి ఆవిరయ్యే నీరు, ఆకుల ద్వారా బాష్పోత్సేకమయ్యే నీరు కలిపితే పంట వినియోగం తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రకటించిన విధానం ప్రకారం ఎండ, ఉష్ణోగ్రత, గాలి వేగం, తేమల ఆధారంగా 12 సెంటీమీటర్ల ఎత్తు గల పచ్చికకు కావలసిన నీటిని ముందుగా లెక్కిస్తారు. దానిని పంట గుణకంతో హెచ్చిస్తారు. ప్రత్తికి తొలిదశలో ఈ గుణకం 0.35 కాగా, పూత, కాయ దశలో 1.15 నుంచి 1.20 వరకు ఉంటుంది.

ఉదాహరణకు పచ్చిక అవసరం రోజుకు 6 మిల్లీమీటర్లు అనుకుంటే, లేత ప్రత్తికి 2.1 మిల్లీమీటర్లు, అనగా ఎకరాకు సుమారు 8,500 లీటర్లు సరిపోతాయి. అదే ప్రత్తి పూతకు వచ్చినప్పుడు 6.9 మిల్లీమీటర్లు, అనగా 28 వేల లీటర్లు కావాలి. పంట ఒకటే అయినా అవసరం మూడు రెట్లు దాటుతుంది. సీజను అంతటా ఒకే పరిమాణంలో నీరు వదలడం ఎంత అశాస్త్రీయమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఒక క్యూసెక్కు నీరు 24 గంటలు పారితే ఎకరంపై 604 మిల్లీమీటర్ల మేర నిలుస్తుంది. కాగితంపై ఇది పూత దశలోని 87 ఎకరాల ప్రత్తికి ఒక రోజు అవసరం. అయితే కాలువలోను, పొలంలోను సగం నీరు వృథా అయితే 43 ఎకరాలకే పరిమితమవుతుంది. ఇక ఆరుతడి భూముల్లో వరి వేస్తే నిలువనీటి ఇంకుదల సైతం తోడవుతుంది. ఎగువన వేసిన ప్రతి ఎకరా వరికి మూల్యం దిగువ పొలమే చెల్లిస్తుంది.

నల్లరేగడి నేల తేమను అధికంగా నిలుపుకొంటుంది కనుక తడుల మధ్య వ్యవధి పెంచవచ్చు. కురిసిన వానలో వేరుకు అందిన భాగాన్ని మాత్రమే లెక్క నుంచి మినహాయించాలి. పారిపోయిన వాన లెక్కలోకి రాదు. 1997 చట్టం ప్రకారం ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు వంతుల పట్టిక రూపొందించేటప్పుడు విస్తీర్ణంతోపాటు పంట రకం, విత్తిన తేదీలను సైతం నమోదు చేయడం అవసరం.