ఈత పోటీలో న్యాయం చెప్పేదెవరు?

ఊరి చెరువులో పిల్లలు ఈత కొడుతుంటారు. ఇద్దరు పందెం వేసుకుంటారు. అవతలి ఒడ్డు ముందు ఎవరు తాకితే వాళ్లు గెలిచినట్టు. ఇద్దరూ దాదాపు ఒకేసారి చేరతారు. "నేనే ముందు" అంటాడు ఒకడు. "కాదు, నేనే" అంటుంది ఇంకొక పిల్ల. తగాదా మొదలవుతుంది.

అప్పుడేం కావాలి? ఒడ్డున నిలబడి చూసేవాళ్లు కావాలి. వాళ్లు ఎవరి పక్షమూ పట్టకూడదు. చూసింది చూసినట్టు చెప్పాలి.

పెద్ద పెద్ద ఈత పోటీల్లోనూ ఇదే సంగతి. అక్కడ ఒడ్డున నిలబడి చూసేవాళ్లను పోటీ అధికారులు అంటారు. అధికారులు అంటే ఆఫీసర్లు కాదు. వీళ్లలో చాలామంది మామూలు మనుషులే. తల్లులు, తండ్రులు, టీచర్లు, రిటైరైనవాళ్లు. జీతం లేకుండా, ఇష్టంతో ఈ పని చేస్తారు.

కొలను ఎలా ఉంటుంది?

పోటీలు జరిగే పెద్ద ఈత కొలను పొడవు 50 మీటర్లు. 25 మీటర్ల కొలనులో కూడా పోటీలు పెడతారు. నీళ్ల మీద పొడుగునా తాళ్లు కడతారు. తాళ్ల మధ్య దారులు ఏర్పడతాయి. వీటిని లేన్లు అంటారు. పెద్ద కొలనులో 8 గానీ 10 గానీ లేన్లు ఉంటాయి. ఒక్కొక్కరు ఒక్కొక్క లేన్‌లో ఈదాలి. పక్క లేన్‌లోకి పోకూడదు.

ఈత నాలుగు రకాలు. ఫ్రీస్టైల్ అంటే ఎవరికి నచ్చినట్టు వాళ్లు ఈదటం. బ్యాక్‌స్ట్రోక్ అంటే వెల్లకిలా ఈదటం. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కప్పలాగా కాళ్లు తన్నుతూ ఈదాలి. బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి నీళ్ల పైనుంచి ముందుకు విసరాలి. ప్రతి రకానికీ దాని నియమాలు ఉన్నాయి.

ఎవరి పని ఏమిటి?

అందరికీ పెద్ద రెఫరీ. చివరి మాట రెఫరీదే. రెఫరీ పొడుగ్గా ఈల వేస్తే ఈదేవాళ్లు గట్టు మీదున్న దిమ్మ ఎక్కుతారు.

తర్వాత పని స్టార్టర్‌ది. స్టార్టర్ "సిద్ధం కండి" అని ఇంగ్లీషులో చెప్తారు. అందరూ వంగి కదలకుండా నిలబడతారు. అప్పుడు మోత వినిపిస్తుంది. వెంటనే అందరూ నీళ్లలోకి దూకుతారు. మోత రాకముందే కదిలి దూకితే పోటీ నుంచి తీసేస్తారు.

ఈత తీరు చూసే జడ్జీలు కొలను పక్కన నడుస్తూ చూస్తారు. మలుపు చూసే జడ్జీలు కొలను చివర నిలబడతారు. 50 మీటర్ల కొలనులో 1500 మీటర్లు ఈదాలంటే కొలనును 30 సార్లు దాటాలి. ఈదేవాళ్లకు లెక్క తప్పవచ్చు. అందుకే ఇంకా రెండు పొడవులు మిగిలి ఉన్నాయనగా గంట కొట్టి గానీ ఈల వేసి గానీ చెప్తారు.

చివరగా టైమ్‌కీపర్లు. చాలామంది మొదట నేర్చుకునే పని ఇదే.

గడియారం పట్టే పని

టైమ్‌కీపర్ చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది. మోత రాగానే బొత్తాం నొక్కాలి. ఈదే మనిషి చివరి గోడ తాకగానే మళ్లీ నొక్కాలి. కనిపించిన అంకెలు కాగితం మీద రాయాలి. చూడటానికి తేలికే. కానీ కన్ను చెదరకూడదు. పక్క లేన్ వైపు చూడకూడదు.

స్టాప్‌వాచ్ మీద 38.47 అని ఉందనుకుందాం. అంటే 38 సెకన్లు దాటింది. ఒక సెకనును నూరు ముక్కలు చేస్తే అందులో 47 ముక్కలు కూడా గడిచాయి. రెప్ప వేసేలోపే ఇలాంటి ముక్కలు ఎన్నో గడిచిపోతాయి.

ఒక్క మనిషి వేలు కాస్త ఆలస్యం కావచ్చు. అందుకే ఒక లేన్‌కు ముగ్గురు గడియారాలు పడతారు. ముగ్గురికి 38.42, 38.47, 38.51 వచ్చాయి అనుకుందాం. ఏది తీసుకోవాలి? మధ్యది తీసుకోవాలి. అంటే 38.47. ముగ్గురిలో ఇద్దరికి ఒకే టైం వస్తే ఆ టైమే ఖాయం. ఒక గడియారం ఆగిపోయి రెండే మిగిలితే, రెండూ కలిపి సగం చేయాలి.

కన్ను ఒకటి, గడియారం ఒకటి చెప్తే?

1960లో రోమ్ నగరంలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. మగవాళ్ల 100 మీటర్ల ఫ్రీస్టైల్ పోటీలో ఇద్దరు దాదాపు ఒకేసారి గోడ తాకారు. ఒకరు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ డెవిట్. ఇంకొకరు అమెరికాకు చెందిన లాన్స్ లార్సన్.

డెవిట్‌కు మూడు గడియారాలూ 55.2 సెకన్లు చూపించాయి. లార్సన్‌కు 55.0, 55.1, 55.1 చూపించాయి. గడియారాల లెక్కన లార్సన్ ముందు. కానీ ఆ రోజుల్లో గడియారం కంటే జడ్జీల కంటికే విలువ ఎక్కువ. జడ్జీల్లో కొందరికి డెవిట్ ముందు కనిపించాడు, కొందరికి లార్సన్ ముందు కనిపించాడు. చివరకు బంగారు పతకం డెవిట్‌కు ఇచ్చారు. అమెరికావాళ్లు ఒప్పుకోలేదు. అయినా తీర్పు మారలేదు.

ఇలాంటి తగాదాలు రాకూడదని కరెంటు పలకలు వచ్చాయి. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో వాటిని వాడారు. ఈదేవాళ్ల చెయ్యి పలకకు తగలగానే గడియారం దానంతటదే ఆగుతుంది. ఇప్పుడు పెద్ద పోటీలన్నీ ఇలాగే జరుగుతాయి. అయినా మనుషులు అక్కరలేదని కాదు. చెయ్యి సరిగ్గా నొక్కకపోతే పలక పనిచేయకపోవచ్చు. అప్పుడు టైమ్‌కీపర్ రాసిన కాగితమే దిక్కు. చిన్న కొలనుల్లో పలకలే ఉండవు. అక్కడ అంతా మనుషుల చేతిలోనే ఉంటుంది.

మనసు కరిగినా మాట మారకూడదు

బ్రెస్ట్‌స్ట్రోక్‌లో, బటర్‌ఫ్లైలో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి. ఒక పన్నెండేళ్ల పిల్ల తొందరలో ఒక్క చేత్తో తాకింది అనుకుందాం. ఆ పిల్ల ఏడాది పాటు తెల్లవారకముందే లేచి సాధన చేసింది. అందరికంటే ముందు వచ్చింది. కానీ నియమం తప్పింది. జడ్జి చెయ్యి పైకెత్తాలి. తప్పేమిటో కాగితం మీద రాసి రెఫరీకి ఇవ్వాలి. రెఫరీ ఒప్పుకుంటే ఆ పిల్ల పోటీలో లేనట్టే.

పిల్ల ఏడుస్తుంది. చూసేవాళ్లకు గుండె తరుక్కుపోతుంది. "పోనీలే, చిన్నపిల్ల" అనిపిస్తుంది. కానీ పక్క లేన్‌లో ఇంకో పిల్ల రెండు చేతులతో తాకింది. నియమం పాటించినందుకే ఆమె కాస్త వెనకబడి ఉండవచ్చు. ఆమె కూడా ఒక తల్లి బిడ్డే. ఈ పిల్లను వదిలేస్తే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే.

ఇంకో మాట కూడా ఉంది. తప్పు కళ్లారా చూస్తేనే చెప్పాలి. అనుమానం మాత్రమే ఉంటే ఈదేవాళ్లకే మేలు చేయాలి. "చేసే ఉంటుందిలే" అని రాయకూడదు.

ఈ పని ఎలా నేర్చుకుంటారు?

అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఈత క్లబ్బులు చాలావరకు తల్లిదండ్రుల సాయంతోనే నడుస్తాయి. పిల్లను కొలనుకు తీసుకొచ్చిన తల్లే గడియారం పడుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ క్లబ్బుల్లో ఈదుతుంటారు.

అమెరికాలో జడ్జి కావాలంటే ముందు శిక్షణ తరగతికి వెళ్లాలి. నియమాల పుస్తకం చదవాలి. పరీక్ష రాయాలి. పాత నేరాలేమైనా ఉన్నాయా అని విచారిస్తారు. పిల్లలను ఎలా కాపాడాలో నేర్పుతారు. తర్వాత అనుభవం ఉన్న జడ్జి పక్కన నిలబడి కొన్ని పోటీలు చూడాలి. అప్పుడే సొంతంగా పని అప్పగిస్తారు.

మన దగ్గర కూడా జిల్లాలో, రాష్ట్రంలో ఈత పోటీలు జరుగుతాయి. ఈ పని మీద ఇష్టం ఉన్నవాళ్లు జిల్లా ఈత సంఘం వారిని గానీ, కొలనులో నేర్పే కోచ్‌ను గానీ అడగాలి.

ఈత రానివాళ్లు ఈ పనికి పనికిరారా? పనికొస్తారు. జడ్జి నీళ్లలోకి దిగనక్కరలేదు. అంకెలు చదవటం రావాలి. తప్పు లేకుండా రాయటం రావాలి. గంటల తరబడి ఎండలో నిలబడే ఓపిక ఉండాలి. ఎవరికీ భయపడకుండా నిజం చెప్పాలి.

ఆడవాళ్లు ఎందుకు ముందుకు రావాలి?

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల ఈత పోటీలు 1912లో మొదలయ్యాయి. అంతకుముందు మగవాళ్లకే పోటీలు. మన దేశపు ఆరతీ సాహా 1959లో ఇంగ్లిష్ ఛానల్ అనే సముద్రపు పాయను ఈది దాటింది. ఆసియా ఆడవాళ్లలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమే.

ఇప్పటికీ ఆడపిల్లను కొలనుకు పంపటానికి చాలా ఇళ్లల్లో జంకుతారు. "అక్కడ ఎవరుంటారో ఏమో" అంటారు. గట్టు మీద ఈల పట్టుకుని ఒక ఆడమనిషి, గడియారం పట్టుకుని ఇంకో ఆడమనిషి కనిపిస్తే ఆ జంకు కొంత తగ్గుతుంది. పిల్లకూ ధైర్యం వస్తుంది.

లెక్క చేయండి

1. ముగ్గురు టైమ్‌కీపర్లు 41.30, 41.26, 41.38 అని రాశారు. ఏ టైం తీసుకోవాలి?
2. ముగ్గురు 52.10, 52.18, 52.10 అని రాశారు. ఏ టైం తీసుకోవాలి?
3. 800 మీటర్లు ఈదాలంటే 50 మీటర్ల కొలనును ఎన్నిసార్లు దాటాలి?

మాట్లాడుకోండి

పోటీలో తప్పు చేసింది మీ సొంత బిడ్డే. జడ్జి మీరే. అప్పుడు ఏం చేస్తారు?

జవాబులు: 1. 41.30, 2. 52.10, 3. 16 సార్లు.