హిగ్స్ కణాన్ని మోసిన గ్రిడ్

2012 జులై 4న జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణం కనిపించిందని ప్రకటించారు. ఆ రోజు సెర్న్ డైరెక్టర్ జనరల్ రోల్ఫ్ హోయర్ ఈ ఫలితానికి మూడు కారణాలు చెప్పారు: యాక్సిలరేటర్, ప్రయోగాలు, గ్రిడ్ కంప్యూటింగ్. మొదటి రెండింటి ఫొటోలూ అన్ని పత్రికల్లో వచ్చాయి. మూడోదాన్ని ఒక ఫొటోలో పట్టలేం, అది ఒక చోట ఉండేది కాదు. నలభైకి పైగా దేశాల్లో దాదాపు 170 కంప్యూటర్ కేంద్రాలుగా విస్తరించిన ఆ యంత్రం పేరు వరల్డ్‌వైడ్ ఎల్‌హెచ్‌సీ కంప్యూటింగ్ గ్రిడ్. మన కాలపు గొప్ప యంత్రాల్లో ఒకటిగా దాన్నీ లెక్కించాలి.

ఎల్‌హెచ్‌సీ అంటే లార్జ్ హాడ్రాన్ కొలైడర్, 27 కిలోమీటర్ల వలయం. అందులో ప్రోటాన్ల గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురుపడతాయి. ఆ తాకిళ్ల సమాచారమంతా దాచడం ఎవరి తరమూ కాదు. అందుకే తాకిళ్లను నమోదు చేసే డిటెక్టర్ పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్ పరికరాలు, కంప్యూటర్లు క్షణాల్లో జల్లెడ పట్టి, పనికొచ్చేలా ఉన్నవాటినే ఉంచుతాయి. అలా వడగట్టాక కూడా ఏడాదికి 15 పెటాబైట్లు, అంటే కోటిన్నర గిగాబైట్ల డేటా మిగులుతుందని మొదట్లో అంచనా వేశారు. దాన్ని దశాబ్దాల పాటు భద్రపరచాలి. ఈ రోజు ఎవరికీ తట్టని ప్రశ్న ఇరవై ఏళ్ల తర్వాత పుట్టవచ్చు, దానికి జవాబు పాత డేటాలోనే ఉండవచ్చు.

1990ల చివర్లో లెక్కలు వేసి చూస్తే, ఇందుకు కావలసిన కంప్యూటర్లన్నీ సెర్న్ ఒక్కటే కొనలేదని తేలింది. భాగస్వామ్య దేశాలకేమో తమ డబ్బు తమ విశ్వవిద్యాలయాల్లో, తమ ఇంజినీర్ల చేతుల మీదుగా ఖర్చు కావడమే ఇష్టం. సరిగ్గా ఆ సమయంలోనే ఇయన్ ఫోస్టర్, కార్ల్ కెసెల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞులు గ్రిడ్ అనే ఆలోచనను ప్రచారంలోకి తెచ్చారు. ప్లగ్ పెడితే కరెంటు వస్తుంది, అది ఏ విద్యుత్ కేంద్రంలో తయారైందో మనం అడగం. కంప్యూటర్ శక్తి కూడా అలాగే అందాలన్నది వారి మాట. భౌతికశాస్త్రజ్ఞులు దాన్ని అందిపుచ్చుకున్నారు. 2001లో ఐరోపా డేటాగ్రిడ్ ప్రాజెక్టు మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఎల్‌హెచ్‌సీ గ్రిడ్‌కు సెర్న్ కౌన్సిల్ ఆమోదం దొరికింది.

పని అంచెలుగా పంచుకున్నారు. సెర్న్ మొదటి అంచె, అంటే టియర్-0. అక్కడ ముడి డేటా మొదటి కాపీ టేపు మీదికి ఎక్కుతుంది. రెండో కాపీ భాగాలుగా టియర్-1 కేంద్రాలకు చేరుతుంది. లియాన్, కార్ల్‌స్రూహె, బొలోన్యా, బార్సిలోనా, తైపే, అమెరికాలోని ఫెర్మీల్యాబ్, బ్రూక్‌హేవెన్ వంటి పదకొండు చోట్లతో ఈ అంచె మొదలైంది. విశ్లేషణకూ సిమ్యులేషన్లకూ టియర్-2 కేంద్రాలున్నాయి. కొలైడర్ మీది ఆలిస్ ప్రయోగం కోసం కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్, సీఎంఎస్ ప్రయోగం కోసం ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఈ అంచెలో పనిచేస్తాయి.

ఇంత ఆధునిక ఏర్పాటులో ఇంకా టేపులేమిటని అనిపించవచ్చు. చదవని టేపు కరెంటు తినదు, డిస్కు కంటే చవక, ఎక్కువ కాలం మన్నుతుంది. తరచూ కావలసినవి డిస్కుల మీద, శాశ్వతంగా దాచవలసినవి టేపుల మీద ఉంటాయి. ప్రతి ఫైలుకూ ఒక పేరుంటుంది. దాని కాపీలు ఏయే ఊళ్లలో ఉన్నాయో ఒక జాబితా చెబుతుంది. ఫైలు చోటు మారినప్పుడల్లా చెక్‌సమ్ అనే సంఖ్యను మళ్లీ లెక్కించి, ఒక్క బిట్ తేడా వచ్చినా పట్టుకుంటారు. భారీ డేటాను లెక్క దగ్గరికి మోసుకురావడం కంటే, చిన్న ప్రోగ్రామును డేటా ఉన్న ఊరికే పంపడం మేలన్నది మొదటి రోజుల సూత్రం.

అసలు చిక్కు నమ్మకం దగ్గర వచ్చింది. కేంద్రాలన్నీ వేర్వేరు యజమానులవి. యంత్రాలు వేరు, నిల్వ సాఫ్ట్‌వేర్లు వేరు, సెలవు రోజులూ వేరు. ముక్కూ మొహం తెలియని పరాయి దేశపు విద్యార్థికి తమ డిస్కు ఎందుకు తెరవాలి? దీనికి డిజిటల్ సర్టిఫికెట్లు జవాబు చెప్పాయి. ఒక దేశపు గుర్తింపు సంస్థ ఇచ్చిన పత్రాన్ని మిగతా దేశాలు గౌరవిస్తాయి. ఆ మనిషి ఏ ప్రయోగానికి చెందినవాడో చూసి తలుపు తీస్తాయి. ఎంత నిల్వ ఇవ్వాలో, లోపం వస్తే ఎంత త్వరగా స్పందించాలో దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. నా దృష్టిలో ఏ చిప్పు కన్నా ఈ ఒప్పందమే గొప్ప ఆవిష్కరణ.

2008 సెప్టెంబరు 10న కొలైడర్ తొలి కిరణాన్ని తిప్పింది. తొమ్మిది రోజులకే అయస్కాంతాల మధ్య విద్యుత్ బంధం తెగి, హీలియం లీకై ఆగిపోయింది. అయినా అక్టోబరు 3న గ్రిడ్ ప్రారంభోత్సవం జరిగింది. యంత్రం మరమ్మతుల్లో ఉన్న కాలాన్ని గ్రిడ్ బృందాలు వృథా చేయలేదు. 2009 జూన్‌లో కొలైడర్ మీది నాలుగు పెద్ద ప్రయోగాల పనీ ఒకేసారి నడిపి, ఎక్కడ ఇరుకవుతోందో వెతికి సరిచేశాయి. 2010 మార్చి 30న అధిక శక్తి తాకిళ్లు మొదలయ్యేసరికి డేటా దారులు సిద్ధంగా ఉన్నాయి.

కాపీల విలువ 2017 నవంబరు 9న కళ్లకు కట్టింది. బొలోన్యాలో వీధి నీటి గొట్టం పగిలి, అక్కడి టియర్-1 కేంద్రంలోకి నీళ్లు చొచ్చుకొచ్చాయి. కరెంటు పోయింది, కింది వరుసల టేపులు తడిశాయి. కేంద్రం కోలుకోవడానికి నెలలు పట్టింది. మిగతా కేంద్రాల్లో మాత్రం ఎల్‌హెచ్‌సీ విశ్లేషణ ఆగలేదు.

నెట్‌వర్కులు వేగం పుంజుకున్నకొద్దీ అంచెల కట్టుబాటు సడలింది. ఇప్పుడు ఏ కేంద్రమైనా మరే కేంద్రం నుంచైనా డేటా తెచ్చుకోవచ్చు. అట్లాస్ ప్రయోగం తయారుచేసిన రూసియో సాఫ్ట్‌వేర్‌కు ‘ఈ డేటాకు వేర్వేరు చోట్ల రెండు కాపీలు ఉండాలి’ అని నియమం చెబితే చాలు. ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తీసేయాలో అదే చూసుకుంటుంది. దాన్ని సీఎంఎస్ తీసుకుంది, జపాన్‌లోని బెల్-2 ప్రయోగమూ తీసుకుంది. బెల్-2 భాగస్వాముల్లో ఐఐటీ హైదరాబాద్ ఒకటి.

2023లో ఒక్క సెర్న్ డిస్కుల సామర్థ్యమే ఎక్సాబైట్, అంటే వంద కోట్ల గిగాబైట్లు దాటింది. మరింత ఉధృతంగా పనిచేసే కొలైడర్ వస్తే డేటా ఇంకెన్నో రెట్లు పెరుగుతుంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయం అప్పుడు మరింత కష్టమవుతుంది.

డబ్బు చాలక పంచుకోవడం మొదలుపెట్టారు. ఆ పంపకం వల్లే, కొలైడర్ కట్టలేని దేశపు పరిశోధకుడికి కూడా జెనీవాలోని పరిశోధకుడి ముందున్న డేటానే అందింది. ఆ తలుపు ఇప్పుడు ఇంకా వెడల్పయింది. 2014 నుంచి సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో నిజమైన తాకిళ్ల సమాచారం ఉచితంగా దొరుకుతోంది. సీఎంఎస్ ఒక్కటే 2016లో 300 టెరాబైట్లకు పైగా విడుదల చేసింది. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన డిగ్రీ కళాశాలల భౌతికశాస్త్ర అధ్యాపకులు అందులోంచి ఒక చిన్న భాగం దింపుకుని, ఈ ఏడాదే పిల్లల చేత విశ్లేషణ చేయించవచ్చు.