చప్పుడు ఎక్కణ్నుంచి కాదు.. ఎప్పుడొస్తోంది?

కారు ముందు చక్రాల దగ్గర ఏదో టకటక. పాటలు ఆపేస్తారు. అద్దం దించి చెవి రిక్కిస్తారు. అంతలోనే అది ఆగిపోతుంది. సరే అని గ్యారేజీకి తీసుకెళ్తే, మెకానిక్ ఎక్కి వీధి చివరిదాకా వెళ్లొస్తాడు. ఆ రెండు నిమిషాలూ బండి బుద్ధిమంతుడిలా ఉంటుంది! ‘షాకబ్జర్లు పోయుంటాయి సార్, మార్చి చూద్దాం’ అంటాడు. ఆ ‘మార్చి చూద్దాం’ దగ్గరే జీతం కరగడం మొదలవుతుంది.

ఉద్యోగం వచ్చాక కూడబెట్టిన డబ్బులతో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఇది బాగా అనుభవం. మీరు సాఫ్ట్‌వేర్ వైపు ఉంటే ‘స్కానర్ పెట్టిస్తే సరిపోదా?’ అనుకోవచ్చు. సరిపోదు. ఓబీడీ స్కానర్ చూపించేది సెన్సర్లు చెప్పిన సంగతే. అరిగిపోయిన రబ్బరు బుష్‌కు సెన్సరేదీ ఉండదు. కాబట్టి కోడూ రాదు, లైటూ వెలగదు. ఇక్కడ పనికొచ్చేవి చెవులు, కాస్త తర్కం.

స్టీరింగ్, సస్పెన్షన్, బ్రేకులు, డ్రైవ్ షాఫ్టులు, ఇంజిన్ మౌంట్లు.. మన చిన్న కార్లలో ఇవన్నీ ముందు భాగంలోనే కిక్కిరిసి ఉంటాయి. ఇనుప బాడీ శబ్దాన్ని మోసుకెళ్లిపోతుంది. ఎడమ చక్రం దగ్గర పుట్టింది కుడికాలి కింద వినిపించవచ్చు. అందుకే ‘ఎక్కడ’ అన్నది తరచూ మోసం చేస్తుంది. ‘ఎప్పుడు’ అన్నది అంత సులువుగా మోసం చేయదు. ఎందుకంటే ఒక్కో భాగంపై ఒక్కో సందర్భంలోనే ఎక్కువ భారం పడుతుంది. మలుపులోనా, బ్రేకులోనా, గుంతలోనా, వేగంలోనా? ఈ ప్రశ్న తేలితే అనుమానితుల జాబితా సగానికి పైగా తగ్గిపోతుంది.

గుంతా? స్పీడ్ బ్రేకరా?

మన రోడ్ల పుణ్యమా అని ఎక్కువమందికి వచ్చే ఫిర్యాదు ఇదే. గుంతలో పడితే లొటలొట, డబ్‌డబ్. ఇక్కడ ఒక తేడా గమనించండి. రెండు ముందు చక్రాలనూ కలిపే ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్ అంటారు. అది మెలితిరిగేది రెండు చక్రాలూ వేర్వేరుగా కదిలినప్పుడే. స్పీడ్ బ్రేకర్‌ను తిన్నగా ఎక్కితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి కాబట్టి దాని లింక్ రాడ్లపై పెద్దగా భారం ఉండదు. అదే ఒక్క చక్రం గుంతలో పడితే పూర్తి భారం వాటిమీదే. తిన్నగా ఎక్కినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ఒక్క చక్రం దిగినప్పుడే కొట్టుకుంటుంటే మొదటి అనుమానం లింక్ రాడ్ల మీద పెట్టుకోండి. రెండు సందర్భాల్లోనూ గట్టిగా ఢబ్ మంటే అప్పుడు స్ట్రట్, దానిపైన ఉండే మౌంట్, లోయర్ ఆర్మ్ బుష్‌ల వైపు చూడాలి. లింక్ రాడ్ల ఖర్చుకూ, షాకబ్జర్ల సెట్టు ఖర్చుకూ పోలికే లేదు. పరీక్షకేమో పైసా ఖర్చు లేదు!

ఇంకో పరీక్ష నాకు మరీ ఇష్టం. అదే గతుకుల్లో నెమ్మదిగా వెళ్తూ బ్రేకు మీద కాలు అలా ఆనించండి. చప్పుడు ఆగిపోయిందా? అయితే బ్రేకు ప్యాడ్లో, క్యాలిపరో వదులుగా ఉన్నట్టు. మా రూమ్మేట్ కారుకు గ్యారేజీలో రెండు షాకబ్జర్లూ, స్టీరింగ్ ర్యాకూ రాసిచ్చారు. ఎస్టిమేట్ చూసి వాడు కారు అమ్మేద్దామా అన్నంత దూరం వెళ్లాడు. కాలనీ లోపలి రోడ్డులో ఈ బ్రేకు పరీక్ష చేస్తే చప్పుడు టక్కున ఆగింది. చక్రం విప్పించి చూస్తే, అంతకుముందు ప్యాడ్లు మార్చినప్పుడు వాటిని కదలకుండా పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పు మళ్లీ బిగించనే లేదు. కొత్త క్లిప్పు వేశాక ఆ చప్పుడు లేదు. ర్యాకు కూడా పాతదే నడుస్తోంది.

తిప్పినప్పుడు వచ్చేవి

ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి, నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిరగండి. టక్-టక్-టక్ అని లెక్కపెట్టినట్టు వస్తే సీవీ జాయింటు. చక్రం వెనక వంగి చూస్తే చాలాసార్లు సాక్ష్యం కూడా దొరుకుతుంది: జాయింటుకు తొడిగిన రబ్బరు బూటు చిరిగి, గ్రీజు రిమ్ము లోపలివైపు చిమ్మి ఉంటుంది. బూటు చిరిగినా ఇంకా చప్పుడు మొదలుకాలేదంటే అదృష్టమే, బూటు, గ్రీజు మార్పిస్తే జాయింటు దక్కే అవకాశం ఉంది.

కారు ఆగి ఉన్నప్పుడే స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’ మని స్ప్రింగు ఎగిరిపడ్డట్టు వస్తే స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగును అనుమానించాలి. కిర్రు కిర్రు మంటే రబ్బరు బుష్‌లు. ఏ బుష్ అన్నది తేలాలంటే ఒక్కో దానిపై నీళ్లు చిలకరించి, బానెట్ మీద చేత్తో నొక్కి చూడండి. ఎక్కడ తడిపితే కిర్రు ఆగిందో దొంగ అక్కడే. నీళ్లకు బదులు ఇంజిన్ ఆయిల్ పోయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

గుయ్యిమనే హోరు

వేగం పెరిగేకొద్దీ పెరిగే హోరు ఉంటే ఇద్దరే ప్రధాన అనుమానితులు: టైరు, చక్రం బేరింగు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి రాగానే స్వరం మారిపోతే టైరు కావచ్చు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పిస్తే చప్పుడూ వాటితోపాటు వెళ్లిందంటే ఇక సందేహం లేదు. బేరింగైతే రోడ్డు మారినా పెద్దగా పట్టించుకోదు, మలుపును పట్టించుకుంటుంది. కుడికి తిరిగే పొడవాటి మలుపులో బరువు ఎడమ చక్రాల మీదికి వస్తుంది. అప్పుడు హోరు పెరిగితే ఎడమ బేరింగు. ఎడమకు తిరిగేటప్పుడు పెరిగితే కుడిది. దీనికోసం ట్రాఫిక్‌లో పాములా వంకర్లు తిప్పక్కర్లేదు, ఏ ఫ్లైఓవర్ మలుపైనా సరిపోతుంది. గ్యారేజీలో చక్రం పైకి లేపినప్పుడు ఒక చేత్తో దాన్ని తిప్పుతూ, రెండో చెయ్యి స్ప్రింగు మీద ఉంచమనండి. పాడైన బేరింగు గరగర చేతికి తెలుస్తుంది.

ఫోన్‌తో కాస్త లెక్క

టెక్ బ్లాగు రాసేవాణ్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 20 కి.మీ. వేగమంటే సెకనుకు 5.56 మీటర్లు. అంటే పది సెకన్లలో చక్రం దాదాపు 28 సార్లు తిరుగుతుంది. పక్కన కూర్చున్న స్నేహితుణ్ని అద్దం దించి, గోడ వెంబడి వెళ్లేటప్పుడు రికార్డు చేయమనండి (గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది). తర్వాత సగం వేగంతో ప్లే చేసి టక్కులు లెక్కపెట్టండి. 28కి దగ్గరగా ఉంటే ఆ చప్పుడు చక్రంతో కలిసి తిరుగుతున్నట్టే: టైరులో ఇరుక్కున్న రాయో మేకో, వంగి డిస్కుకు తగులుతున్న రేకో. కారు ఆగి ఉన్నా రేజ్ చేస్తే వస్తోందంటే చక్రాలను వదిలేసి ఇంజిన్ వైపు వెళ్లండి.

కొన్ని చప్పుళ్లకు భయపడక్కర్లేదు. రాత్రి వాన పడితే పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగర రావడం డిస్కు పైన పట్టిన తుప్పు రాలడమే. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లలో స్టార్ట్ చేసి కదిలిన కాసేపటికి ముందునుంచి ఒకసారి ‘గుర్ర్’ మంటుంది. అది తనను తాను పరీక్షించుకుంటోంది, అంతే.

వీటితో మాత్రం ఆటలొద్దు. పంచర్ వేయించాక కొత్తగా డబడబ మొదలైతే అక్కడే ఆపి చక్రం నట్లు చూడండి. బ్రేకు వేస్తే ఇనుము ఇనుముకు రాసుకుంటున్న గరగర వస్తే ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి ఉంటాయి. బాల్ జాయింటు బాగా వదులైతే అది ఊడి చక్రం పక్కకు ఒరిగిపోయే ప్రమాదం ఉంది. పైకి లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట కనిపిస్తుంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టినప్పుడు ఆ ఆట పోతే బేరింగు, అలాగే ఉంటే బాల్ జాయింటు. ఇవన్నీ మెకానిక్ ఎదురుగా చేయించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరొద్దు.

బైకున్నవాళ్లకు ఒక్కమాట. ముందు బ్రేకు గట్టిగా పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ మెడ దగ్గర టక్కుమంటే కోన్‌సెట్ వదులైంది. బిగిస్తే సరిపోతుందా, మార్చాలా అన్నది హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పితే తెలుస్తుంది. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతుంటే మార్చాల్సిందే.

ఇదే పనిగా బతికేవాళ్లూ ఉన్నారు

వాహన కంపెనీల్లో ఎన్‌వీహెచ్ పేరుతో విభాగాలుంటాయి. నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్ అన్నమాట. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా (ఏఆర్‌ఏఐ)లో దీనికి ప్రత్యేక ప్రయోగశాల ఉంది. మెకానికల్ వాళ్లు ‘వైబ్రేషన్స్’ సబ్జెక్టులో, ఈసీఈ వాళ్లు సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పాసు మార్కుల కోసం చదివేసిందంతా ఇక్కడ రోజువారీ పని. ఎలక్ట్రిక్ కార్లొచ్చాక ఈ పని పెరిగిందే కానీ తగ్గలేదు. ఇంజిన్ శబ్దం అనే దుప్పటి తీసేసరికి, దాని కింద దాక్కున్న బుష్‌ల కిర్రులూ బేరింగుల హోరూ బయటికి వినిపిస్తున్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టు వెతుకుతున్నారా? మంచి బేరింగు, పాడైన బేరింగు రెండింటి శబ్దాలనూ ఫోన్‌లో రికార్డు చేసి, పైథాన్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ తీసి తేడా చూపించండి. పాత బేరింగులు ఏ గ్యారేజీ మూలనైనా దొరుకుతాయి. పదో తరగతి తర్వాత నేరుగా చేతిపనిలోకి రావాలనుకుంటే ఐటీఐల్లో రెండేళ్ల ‘మెకానిక్ మోటార్ వెహికల్’ ట్రేడ్ ఉంది.

ఇక గ్యారేజీకి వెళ్లినప్పుడు ‘ముందు ఏదో సౌండొస్తోందన్నా’ అనకండి. ‘ఒక్క చక్రం గుంతలో పడితేనే వస్తోంది, 20 లోపు వేగంలో, బ్రేకు ఆనిస్తే ఆగట్లేదు’ అని చెప్పండి. బండి మీరు నడుపుతూ మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. చప్పుడు ఎలా రప్పించాలో మీకే బాగా తెలుసు. ఒకేసారి నాలుగు పార్టులు కాకుండా ఒక్కటే మార్పించి, మళ్లీ అదే గుంతలో దింపి చూడండి. విప్పిన పాత పార్టు ఇవ్వమని ముందే అడగండి.