జైలు రికార్డుకు వెలుపల: పశ్చిమగోదావరి స్వాతంత్ర్యోద్యమంలో సామాన్యుల పాత్ర

వ్యాససంగ్రహం:
స్వాతంత్ర్యోద్యమ చరిత్ర ప్రధానంగా జైలు రికార్డులు, నాయకుల జీవితచరిత్రల ఆధారంగా రూపొందింది. వాటిలో చోటు దక్కని సామాన్యుల శ్రమ, ముఖ్యంగా స్త్రీల శ్రమ, మరుగున పడింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల నేపథ్యంలో అందుకు కారణమైన ప్రమాణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్వాతంత్ర్యోద్యమం, పశ్చిమగోదావరి, సామాన్యులు, పసల దంపతులు, శిస్తు నిరాకరణ, మౌఖికచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు విస్తరించి ఉంది. 1925లో కృష్ణా జిల్లాను విభజించి ఏలూరు కేంద్రంగా పశ్చిమగోదావరి జిల్లాను ఏర్పాటు చేశారు. ఈ ప్రాంత ఉద్యమచరిత్రలో దండు నారాయణరాజు, మాగంటి బాపినీడు వంటి నాయకుల పేర్లు ప్రముఖంగా కనిపిస్తాయి. అయితే నాయకుని పిలుపు ఊరిలో కార్యరూపం దాల్చాలంటే ఎన్నో ఇళ్ల సహకారం అవసరం. ఆ సహకారం చరిత్రలో ఎందుకు నమోదు కాలేదన్నది ఇక్కడి ప్రశ్న.

2. గుర్తింపు - ప్రమాణాలు:
కేంద్రప్రభుత్వం 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకాన్ని ప్రారంభించింది. దీనికి ప్రధాన అర్హత కనీసం ఆరునెలల కారాగారవాసం. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి మూడునెలలు చాలు. అజ్ఞాతవాసం, ఆస్తి జప్తు, కాల్పుల్లో అంగవైకల్యం వంటివీ అర్హతలే. వీటికి కోర్టు, జైలు పత్రాలో, సహఖైదీల ధ్రువీకరణలో చూపాలి.

సహాయం అందించే పథకానికి ఇటువంటి నియమాలు అవసరమే. కాని ఆ పథకం జాబితానే ఉద్యమకారుల పూర్తి జాబితాగా స్వీకరించినప్పుడు చిక్కు వస్తుంది. కార్యకర్తకు అన్నం పెట్టిన ఇల్లాలికి, రాట్నం తిప్పిన వృద్ధురాలికి, కబురు చేరవేసిన పాలేరుకు ఏ జైలు పత్రమూ ఉండదు.

3. పసల దంపతులు:
తాడేపల్లిగూడెం తాలూకా పడమర విప్పర్రుకు చెందిన పసల కృష్ణమూర్తి (జననం 1900), అంజలక్ష్మి దంపతులు 1921లో గాంధీజీ విజయవాడ పర్యటన ప్రభావంతో కాంగ్రెసులో చేరారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నందుకు కృష్ణమూర్తికి 1930లో ఏడాది శిక్ష పడింది. గాంధీ-ఇర్విన్ ఒప్పందం తరువాత 1931 మార్చిలో విడుదలయ్యారు. శాసనోల్లంఘన కాలంలో భీమవరంలో ప్రభుత్వ కార్యాలయంపై జాతీయజెండా ఎగురవేసిన వారిలో ఈ దంపతులున్నారు. గర్భవతిగా జైలుకు వెళ్లిన అంజలక్ష్మి అక్కడే ఆడపిల్లను ప్రసవించారు. ఆ బిడ్డే కృష్ణభారతి.

ఇక్కడ జైలు రికార్డు ఉంది. అయినా శిక్షాకాలాన్ని మాత్రమే చూసే దృష్టికి భర్త అనుభవించిన జైలు, భార్య అనుభవించిన జైలు ఒక్కటిగానే తోస్తాయి. గర్భం, ప్రసవం, పసిబిడ్డ పోషణ ఆ లెక్కలోకి రావు. 2022 జూలై 4న అల్లూరి సీతారామరాజు 125వ జయంతి ఉత్సవాలకు భీమవరం వచ్చిన ప్రధానమంత్రి కృష్ణభారతిని కలిసి పాదాభివందనం చేశారు. అప్పుడే ఈ కుటుంబం పేరు దేశమంతటా వినిపించింది.

4. శిస్తు నిరాకరణ - కుటుంబం:
1920ల చివర కృష్ణా, గోదావరి డెల్టాలలో భూమిశిస్తును 18.75 శాతం, అంటే రూపాయికి మూడణాలు పెంచే ప్రతిపాదనపై రైతులు ఆందోళన చేశారు. శాసనోల్లంఘనలో భీమవరం ప్రాంతం 'రెండవ బార్డోలీ'గా పేరు పొందింది.

శిస్తు నిరాకరణను సాధారణంగా పట్టాదారు నిర్ణయంగా వర్ణిస్తారు. జప్తు మాత్రం ఇంటిమీదికి వస్తుంది. పాడిపశువును తోలుకుపోతే పిల్లల పాలు పోతాయి. వంటపాత్రలు పోతే ఆ పూట పొయ్యి వెలగదు. వేలంలో ఇరుగుపొరుగు పాట పాడకుండా ఉంటేనే నిరాకరణ నిలుస్తుంది. పాట పాడకపోవడం కూడా రాజకీయచర్యే. కాని అది జరగని పని కాబట్టి ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు.

5. ఇతర ఆధారాలు:
ఏలూరుకు చెందిన మాగంటి అన్నపూర్ణాదేవి తన నగలను గాంధీజీకి సమర్పించారు. 1927లో చిన్నవయసులోనే ఆమె మరణించగా గాంధీజీ 'యంగ్ ఇండియా'లో స్మరించారు. నాయకుని కలం వల్ల ఆమె పేరు నిలిచింది. అలా నగలిచ్చిన మరెందరో పేర్లు లేకుండా 'మహిళలు' అన్న బహువచనంలో కలిసిపోయారు. పత్రాలు వదిలేసినదాన్ని కొంతవరకు సాహిత్యం పట్టుకుంది. 1922లో వెలువడి నిషేధానికి గురైన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' దళిత కుటుంబాన్ని కథాకేంద్రంగా నిలిపింది.

కొల్లేటి ప్రాంతానికి ఈ దృష్టి మరింత అవసరం. రోడ్లు తక్కువైన కాలంలో ఇక్కడి రాకపోకలకు కాలువలు, పడవలే ఆధారం. కనుక ఇక్కడి పరిశోధన సభావేదికతో పాటు పడవరేవునూ ప్రశ్నించాలి. కుటుంబ జ్ఞాపకాలు, స్త్రీల పాటలు, జప్తు కాగితాలు, పాతఉత్తరాలు ఇందుకు ఆకరాలు. జ్ఞాపకంలో తేదీలు తారుమారు కావచ్చు కాబట్టి మౌఖిక కథనాన్ని పత్రంతోనూ, పత్రాన్ని కథనంతోనూ సరిచూడాలి.

6. ముగింపు:
నాయకుల పాత్రను తగ్గించడం ఈ దృష్టి ఉద్దేశం కాదు. ఆ నాయకత్వం ఎవరి శ్రమమీద నిలిచిందో చూపడమే దీని ప్రయోజనం. శిక్షాకాలం త్యాగానికి ఒక కొలత మాత్రమే. కృష్ణభారతి 2025 మార్చిలో కన్నుమూశారు. ఆ తరం పిల్లలు సైతం ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. పత్రాలు గ్రంథాలయాల్లో కొంతకాలం ఆగగలవు, జ్ఞాపకాలు ఆగవు. కాబట్టి ఈ ప్రాంత కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి గ్రామాలవారీగా మౌఖికచరిత్రను సేకరించడం తక్షణావసరం.